చౌడు మడికి సీలింగు పిండి

ఆ రోజుల్లో నాకు ఒకచోట కూర్చోవడం చేతనయ్యేది కాదు. మాదాపూర్‌లో లేస్తున్న ఒక అద్దాల మేడలో ఫాల్స్ సీలింగు పనికి సూపర్‌వైజరుగా చేరాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తలెత్తి కప్పు చూడటమే ఉద్యోగం. తొంభైల చివరి సంవత్సరాలవి. మేడ చుట్టూ ఇంకా గుట్టలే. గుట్టలకు మందు కూరి పేల్చేవాళ్లు. ఈల వినపడగానే టీ గ్లాసు మీద అరచెయ్యి మూసి పరుగెత్తేవాళ్లం. ఒకసారి అలా పేల్చిన రాయి నాలుగో అంతస్తు కిటికీలోంచి లోపలికొచ్చి, మా మేస్త్రీ తెరిచి పెట్టుకున్న టిఫిన్ డబ్బాకు మూత మూసి, అవతలి కిటికీలోంచి వెళ్లిపోయింది. నమ్మనివాళ్లు నమ్మకండి. డబ్బాకు పడ్డ సొట్ట నేను చూశాను.

ఉండటం మాత్రం నల్లగండ్లలో. అప్పటికది ఇంకా ఊరే. ఒక పెంకుటింటి వెనక గది కిరాయికి తీసుకున్నాను. తలుపు తీస్తే పొలాలు. ఇంటామెకు నలభై దాటి ఉంటాయి. భర్త బస్సు డ్రైవరు. మియాపూర్ అవతల ఎక్కడో డ్యూటీ ఎక్కితే ఎప్పుడు దిగుతాడో ఆయనకే తెలియదు. ఆమెను నేను "అక్కగారూ" అనేవాణ్ని. ఆమెకది నవ్వులాట.

"అక్క అంటే చాలదా? గారు ఏంది తమ్మీ, నేనేమన్న తహసీల్దారునా?"

"మా వైపు అలా అలవాటండి."

"మల్ల అండి! మీ వైపు మాటకు తోక లేకుంటే నడవదేమో."

మా వైపు అంటే సముద్రం వైపు. ఆ సముద్రమే కొంప ముంచింది. సాయంత్రాలు అరుగు మీద కూర్చోలేక అటూ ఇటూ తిరుగుతూ కబుర్లు చెప్పేవాణ్ని. ఒకరోజు వరి మాట వచ్చింది. మా ఊళ్లో సముద్రపు పోటు పొలాల్లోకి వస్తుందనీ, ఆ ఉప్పులోనే వరి పండుతుందనీ చెప్పాను. అక్కడితో ఆగితే నిజమే. ఆగలేదు. పోటు వచ్చినప్పుడు పీతలు వరసగా దిగి కలుపు తీసి వెళతాయనీ, మా బియ్యం వండుకుంటే అన్నంలో ఉప్పు వేసుకోనక్కర్లేదనీ కూడా చెప్పాను.

"పచ్చడి గూడ పొలంలనే పండుతదా?" అంది అక్క. నవ్వుతూనే అడిగింది కానీ, ఆ రాత్రి అన్నం తింటూ మళ్లీ అడిగింది. "తమ్మీ, నిజం జెప్పు. చౌడు నేలల వరి అయితదా?"

"అవుతుందండి. ఎందుకవ్వదు?" అన్నాను, మజ్జిగ పోసుకుంటూ.

మర్నాడు ఆదివారం. వాకిట్లో గొడవ వినిపించి బయటికొచ్చాను. అక్క మరిది వచ్చాడు. అన్నదమ్ముల భూమి రోడ్డు దాకా ఒకే చెక్క. దాన్ని ప్లాట్లు కోసి అమ్మే మనిషి ఒకడు దొరికాడు. రోడ్డు నుంచి లోపలికి దారి కావాలంటే అక్క సాగు చేసే పది గుంటల మడి, అంటే పావెకరం, అందులో కలవాలి. ఆ మడి అత్తగారు పోతూ పోతూ అక్క పేర రాయించింది. సంతకం పెట్టాల్సింది అక్కే.

"ఏంది వదినె, గడ్డి గూడ మొలవని జాగకు గింత పట్టుదల ఎందుకు? మూడేండ్లాయె, నారు పెట్టుడు, మాడుడు. ఇడిసెయ్యరాదు?"

"అమ్మితే పైసలొస్తయ్. పైసలు ఎవల జేబుల పోతయ్? మీ అన్న జేబుల, నీ జేబుల. మడైతే నా చేతిల ఉంటది."

"చేతిల చౌడు వెట్టుకొని ఏం జేస్తవ్?"

"పండిస్త."

"ఎట్ల పండిస్తవ్?"

అప్పుడు అక్క నా వైపు చెయ్యి చాపింది. నేను నోట్లో పళ్లపుల్లతో నిలబడి ఉన్నాను. "గీ తమ్ముడున్నడు. సముద్రంల వరి పండించినోడు."

మరిది నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. నవ్వాడు. చివరికి నలుగురి ముందూ ఒక మాట అనుకున్నారు. ఈ వానాకాలం ఆ మడిలో వరి పండితే మడి అక్కది, ఇక ఎవరూ అడగకూడదు. పండకపోతే సంతకం. "పచ్చగ కనవడుడు గాదు వదినె. గింజల పాలు పొయ్యాలె. ఉత్త పొట్టు, తాలు లెక్కల రాదు," అని వేలు చూపించి వెళ్లిపోయాడు. అక్క భర్త ఆ మాటలన్నీ విని, చొక్కా తొడుక్కుని డ్యూటీకి పోయాడు.

నా పళ్లపుల్ల విరిగింది. ఒక మనిషి సంతకం నా పీతల కథ మీద వేలాడుతోంది. అరుగు మీద నిలబడలేక, గదిలో ఉండలేక, గచ్చిబౌలి దాకా నడిచి ఎస్టీడీ బూత్‌లో దూరాను. మా మేనమామ సముద్రం పక్క చౌడు నేలల్లో నిజంగానే వరి పండించిన మనిషి. ఊళ్లో ఫోన్ ఉన్న ఇంటికి చేసి, ఆయన్ని పిలిపించుకున్నాను.

"ఏరా, బతికే ఉన్నావా?"

"మావయ్యా, చౌడు మడిలో వరి పండాలంటే ఏం చెయ్యాలి?"

"నీకెందుకురా? నువ్వు కప్పులు కదా కట్టేది?"

"చెప్పు మావయ్యా, మీటరు తిరుగుతోంది."

"తెల్ల చౌడా, కారు చౌడా?"

"రెండు రకాలు ఉంటాయా?"

"ఓరి నీ దుంపతెగ! చౌడులో పుట్టి చౌడులో పొర్లాడి, రెండు రకాలుంటాయా అని అడుగుతావా? ఎండాకాలం పైన తెల్లగా ఉప్పు పేరుకుంటే తెల్ల చౌడు. దానికి నీళ్లు నిలగట్టి వదిలేస్తే కడుక్కుపోతుంది. కారు చౌడు అలా కాదు. నీళ్లు పోస్తే ఇంకవు. నల్లటి డికాషన్‌లా నిలబడతాయి. మట్టి పిసికితే సబ్బులా జారుతుంది. ఎండితే రాయి. దాన్ని నీళ్లతో కడిగితే కదలదు. ముందు జిప్సం చల్లి కలియదున్నాలి. మట్టిని పట్టుకున్న ఉప్పును అది వదిలిస్తుంది. అప్పుడు వాన నీళ్లు నిలగట్టి, కిందికి దారి చేసి వదలాలి. వాన నీళ్లురోయ్, బోరు నీళ్లు కాదు. అసలు ఆ చౌడు తెచ్చింది ఆ బోరే అయ్యుంటుంది."

"జిప్సమా?"

"ఆఁ, జిప్సం. మీ హైదరాబాదులో దొరుకుతుందో లేదో మరి."

నేను నా చొక్కా చేతులు చూసుకున్నాను. భుజం దాకా తెల్లగా ఉన్నాయి. జేబులో, జుట్టులో, చెవి మడతలో, రోజూ నేను మోసుకుని ఇంటికొచ్చేది అదే. మా సీలింగు పలకలు జిప్సం. వాటి అతుకుల మీద పూసే పీఓపీ పిండి, అదే ప్లాస్టర్ ఆఫ్ పారిస్, కూడా జిప్సమే, కాల్చి పొడి చేసింది. మేడ వెనకాల విరిగిన పలకలూ, తేమ తగిలి పాడైన పిండి బస్తాలూ గుట్టగా పడి ఉన్నాయి. వాటిని ఎక్కడ పారబోయాలో తెలియక మా కాంట్రాక్టరు రోజూ తల పట్టుకుంటున్నాడు.

బూత్ నుంచి పరుగులాంటి నడకతో మడికి వచ్చి, చెంబుడు నీళ్లు పోసి చూశాను. ఇంకలేదు. నల్లటి డికాషన్. మట్టి వేళ్ల మధ్య జారింది.

"అక్కగారూ, ఇది కారు చౌడండి," అన్నాను, పుట్టినప్పటి నుంచీ తెలిసినట్టు.

మర్నాడు పొద్దున్నే ట్రాలీ ఆటోలో బస్తాలు తెచ్చి మడి గట్టు మీద దింపించాను. సైటులో ఆలస్యమైపోతోంది. ఒక కాలు ఆటోలో పెట్టి, "ఈ పిండి మడిలో చల్లి దున్నించండి. తర్వాత నీళ్లు పెట్టాలి," అని అరిచి వెళ్లిపోయాను. చెప్పడం అయితే చెప్పాను. ఆ బస్తాల్లో తేమకు చచ్చిపోయిన పిండి ఎంతో, ఇంకా ప్రాణమున్న పిండి ఎంతో చూడలేదు.

అక్క బస్తా విప్పింది. తెల్లటి పిండి. తెల్లటి పిండి అంటే ఆమెకు తెలిసింది సున్నం. సున్నాన్ని ఎవరూ పొడిగా చల్లరు. ముందు నీళ్లలో తడిపి, ఉడుకు చల్లారాక వాడతారు. లేకపోతే కాళ్లు కాలతాయి. తమ్ముడు తొందరలో ఆ సంగతి చెప్పడం మరిచిపోయాడనుకుంది. మడి గట్టు మీద పశువులు నీళ్లు తాగే పెద్ద మట్టి గోలెం ఉంది. అందులో సగానికి నీళ్లు పోసి, ఒక బస్తా గుమ్మరించి, కర్రతో తిప్పింది. రెండో బస్తా విప్పేలోగా కర్ర కదలడం మానేసింది.

సాయంత్రం నేను వచ్చేసరికి మడి దగ్గర జనం. ముందు నాకు పాము అనిపించింది. తర్వాత ఎవరో పడిపోయారనిపించింది. తోసుకుని వెళ్లి చూస్తే, గోలెం పగిలి పెంకులుగా పడి ఉంది. మధ్యలో మోకాలెత్తున గుండ్రంగా, నున్నగా, పాలలా తెల్లగా ఒక రాయి. నెత్తి మీద కర్ర. రాయికి అప్పటికే పసుపు పూశారు. బొట్టు పెట్టారు. ఎదురుగా రెండు కొబ్బరిచిప్పలు.

"వెచ్చగున్నడు! ముట్టి సూడుండ్రి, జీవమున్నడు!" అంటోంది ఊళ్లో ఇంటింటికీ పాలు పోసే ఆమె.

గట్టిపడేటప్పుడు ఆ పిండి ఉబ్బుతుంది, వేడెక్కుతుంది. సీలింగు పని చేసేవాళ్లకు అది రోజూ తెలిసేదే. సాయంత్రానికి ఆ వేడి పోయింది కానీ ఎండకు కాగి రాయి మళ్లీ వెచ్చగానే ఉంది. నేను కూడా ముట్టి చూశాను. చెయ్యి వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు.

అక్క ఒక పక్కన నిలబడి పొద్దున్నుంచీ చెప్పిందే చెబుతోంది. "అది సున్నమే. నేనే తడిపిన."

"సున్నం గిట్ల రాయి అయితదా? ఎన్నడన్న చూసినమా?" అని ఆమెనే కసిరారు. అదీ నిజమే.

మరిది కూడా వచ్చాడు. చెప్పులు దూరంగా విడిచి, చేతులు కట్టుకుని, ఎటు చూడాలో తెలియక నిలబడ్డాడు. వెనకే ప్లాట్ల మనిషి. కడప వైపు నుంచి వచ్చినవాడు, చేతికి బంగారు గొలుసు, నుదుట నామం. రాయి చుట్టూ ఒకసారి తిరిగి, "దేవుడు లేచిన నేల మాకొద్దప్పా. దీని జోలికొస్తే కళ్లు పోతాయి," అని దండం పెట్టి వెనక్కి తిరిగాడు.

నా గుండె గంతులేసింది. పని అయిపోయింది! జిప్సం వద్దు, వాన వద్దు, గింజ పాలు పోసుకోవడం వద్దు. సంతకం తప్పింది. నాకు తెలియకుండానే నోరు తెరుచుకుంది. "మా ఊళ్లో కూడా ఇలాగే ఒకసారండీ, ఉప్పు మడిలో నుంచి..." అని మొదలుపెట్టాను. జనం నా వైపు తిరిగారు. అక్క నా చొక్కా పట్టుకుని ఇంటి పక్కకు లాక్కెళ్లింది.

"నోరు మూస్తవా లేదా?"

"అక్కగారూ, ఊరుకోండి. మీ మరిదే అడుగు పెట్టడు. దేవుడే మడికి కాపలా."

"కాపలానా? రేపు పందిరి ఏస్తరు. ఎల్లుండి గుడి కడదామని చందాలు జమ చేస్తరు. గుడికి గద్దె గావాలె, నడిచేటందుకు బాట గావాలె, కొబ్బరికాయల దుకాణం గావాలె. మడి ఎక్కడున్నట్టు? మరిది కాడికెళ్లి గుంజుకొని దేవునికిస్తనా? నాకు వరి గావాలె తమ్మీ. నీకు అర్థమైతలేదు."

నాకు అర్థమైంది. అర్థమవ్వడం ఇష్టం లేకపోయింది. అంత అందంగా కుదిరిన కథ నా జన్మలో మళ్లీ దొరకదని తెలుసు.

ఆ రాత్రే అది సున్నం కాదనీ, నీళ్లు తగిలితే రాయి అయ్యే సీలింగు పిండి అనీ అక్కకు చెప్పాను. మర్నాడు పొద్దున సైటుకు పోలేదు. మళ్లీ జనం చేరారు, ఈసారి పూలతో. అక్క తలస్నానం చేసి వచ్చింది. ఒక చేతిలో పిండి గిన్నె, ఇంకో చేతిలో నీళ్ల చెంబు. నడుముకు కొంగు బిగించింది. రాయి ముందు కూర్చోకుండా, జనం వైపు తిరిగి కూర్చుంది.

"గీ తమ్ముడు పని జేసే మేడ కప్పుకు పూసే పిండి ఇది. సూడుండ్రి." చెంబులోకి పిండి వేసి కలిపింది. అందరూ మెడలు చాచారు. పాలు పోసే ఆమె చేతికి చెంబు ఇచ్చింది. "పట్టుకో. కాలుతదా?"

ఆమె పట్టుకుంది. కాసేపటికి, "వెచ్చగైతుందే," అంది చిన్నగా.

"బోర్లించు."

బోర్లించింది. చుక్క పడలేదు. అక్క చెంబును గట్టు రాయికేసి కొట్టింది. చెంబు అచ్చు పోసినట్టు తెల్లటి ముద్ద బయటపడింది. దాన్ని పెద్ద రాయి పక్కన పెట్టి, "ఇంకో దేవుడు గావాల్నా? బస్తాలున్నయ్," అంది.

ఎవరో కిసుక్కుమన్నారు. ఎవరో తిట్టారు. ఒక ముసలాయన, "పసుపు వెట్టినంక దేవుడే," అని గొణిగాడు. అక్క ఆ మాట విని లేచింది. రాయికి వంగి దండం పెట్టింది. పసుపును తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను తులసికోటలో పెట్టి వచ్చింది. తర్వాత సమ్మెట అందుకుంది. మొదటి దెబ్బకు నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి ఆమె మూడో దెబ్బలో ఉంది, ముసలాయన పెంకులు ఏరి పక్కకు పెడుతున్నాడు.

దేవుడు కాదని తెలిశాక ప్లాట్ల మనిషి మళ్లీ వచ్చాడు, పందెమూ మళ్లీ మొదలైంది. గట్టిపడిన పీఓపీ మళ్లీ మామూలు జిప్సమే. చౌడుకు కావాల్సింది అదే. పగలగొట్టి, దంచి, జల్లించాం. విరిగిన పలకలు కూడా తెచ్చాను. వాటికి రెండు వైపులా అట్టలాంటి కాగితం అంటుకుని ఉంటుంది. నానబెట్టి, కాగితం ఒలిచి, మిగిలింది నలగ్గొట్టాలి. ఇల్లంతా తెల్లగా అయింది. కోళ్లు తెల్లగా అయ్యాయి. ఒక నల్ల మేక తెల్లబడి, దాని యజమాని గుర్తు పట్టలేక వేరే మేకను తోలుకుపోయాడు. ఇంటికొచ్చిన అక్క భర్త గుమ్మంలో నిలబడి, "ఇది మన ఇల్లేనా?" అని, చెప్పులు విడవకుండానే మళ్లీ డ్యూటీకి పోయాడు.

చల్లాం. దున్నించాం. మడి చుట్టూ గట్టు ఎత్తు చేశాం. కింది మూల నుంచి ఒర్రెలోకి, అంటే పక్కనున్న చిన్న వాగులోకి, నీళ్లు పోయేలా ఒక గండి తవ్వి, దానికి మట్టి ముద్ద అడ్డం పెట్టాం. ఇక వాన రావాలి.

వాన రాలేదు. కప్పు చూడాల్సిన నేను సైటు కిటికీ దగ్గరే నిలబడేవాణ్ని. మబ్బు మాదాపూర్ మీద కమ్మేది, ఈదురుగాలికి మా సీలింగు పలకలు ఊగేవి, ఆ మబ్బు ఎటో వెళ్లిపోయేది. మధ్యాహ్నం భోజనానికని చెప్పి బస్సెక్కి నల్లగండ్ల వచ్చి, మడి చూసి, అన్నం తినకుండా తిరిగి వెళ్లేవాణ్ని. దారిలో మరిది ఎదురైతే సైకిల్ ఆపేవాడు.

"ఏమైంది సముద్రం సారూ, పోటు వస్తలేదా?"

"వస్తుందండి, అమావాస్యకి."

"పీతలకు బస్సు టికెట్ దొరకలేదేమో!"

నవ్వేవాణ్ని. నవ్వి, మబ్బు కోసం చూస్తూ బస్సు వైపు నడిచేవాణ్ని.

వాన ఒక మధ్యాహ్నం వచ్చింది, పేలుళ్ల కంటే గట్టిగా. సైటులో అందరూ కిటికీలకు గోతాలు కడుతుంటే నేను బయటికి పరుగెత్తాను. వచ్చేసరికి అక్క మడి గట్టు మీద గోనె కప్పుకుని నిలబడి ఉంది. మడి నిండింది. నీళ్లు నల్లగా లేవు. ఎర్రమట్టి నీళ్లలా ఉన్నాయి. ఆమె వంగి దోసిట్లో తీసుకుని, నాలుక మీద వేసుకుని, ఉమ్మేసింది.

"వగరు. ఉప్పు ఊడి వస్తుంది తమ్మీ."

నిలగట్టాం. గండి తెరిచి వదిలాం. మళ్లీ వాన, మళ్లీ నిలగట్టడం, మళ్లీ వదలడం. ప్రతిసారీ నీళ్లు ఒర్రెలోకి దిగేటప్పుడు అక్క రుచి చూసేది, నేను ఆమె ముఖం చూసేవాణ్ని. ఆ తర్వాత పచ్చిరొట్ట ఎరువుకని జీలుగ చల్లింది. నడుమెత్తు పెరిగాక మడిలోనే కలియదున్నించింది. కుళ్లితే మట్టి గుల్లబారుతుందని మావయ్య చెప్పాడు. నారు ముదరనిచ్చి, కుదురుకు రెండు మొక్కలు పెట్టేచోట నాలుగైదు పెట్టి, దగ్గర దగ్గరగా నాటించింది. లేతవి ఉప్పుకు తట్టుకోలేవు. ముదురువి, గుంపుగా ఉన్నవి ఒకదాన్ని చూసి ఒకటి బతుకుతాయి. ఈ చివరి మాట మావయ్యది కాదు, నాది. అక్క నమ్మలేదు.

నాటిన కొత్తలో అంతా బాగుంది. తర్వాత ఆకుల అంచులు ఎర్రబడ్డాయి. మొక్క ఎదుగు లేకుండా కూర్చుంది. నేను బూత్‌కు పరుగెత్తాను. "జింకు లోపంరా, చౌడులో అంతే. జింకు సల్ఫేటు నీళ్లలో కలిపి ఆకు మీద కొట్టండి," అన్నాడు మావయ్య. కొట్టాం. కొన్ని రోజులకు మడి మధ్యలో మొక్క తల ఎత్తింది. కింది మూల మాత్రం ఎత్తలేదు. అక్కడ నీళ్లు ఎంత వదిలినా తిరిగి ఊరేవి. రోజూ పొద్దున్నే ఆ మూలకే చూపు పోయేది. మిగతా మడి పచ్చగా ఉన్నా కంటికి కనపడేది కాదు.

మా మేడలో సీలింగు పని అయిపోయింది. కాంట్రాక్టరు నన్ను వేరే ఊరు పంపుతానన్నాడు. ఒంట్లో బాగాలేదన్నాను. ఏమైందని అడిగితే, మెడ పట్టేసి తల కిందికి వంగడం లేదని చెప్పాను. ఆ వంకతో నల్లగండ్లలోనే ఉండిపోయాను. వరి పొట్టకొచ్చింది. వెన్ను బయటపడింది. ఇక మిగిలింది గింజ. చౌడులో వరి పచ్చగా ఊగి, వెన్ను తీసి, చివరికి తాలుగా మిగలడం మా ఊళ్లో నేను చూశాను. ఆ సంగతి అక్కకు చెప్పలేదు. ఆమెకూ తెలుసని తర్వాత తెలిసింది. ఆ వారం రోజులూ మేమిద్దరం వరి గురించి ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు. వంకాయ ధర, బస్సుల ఆలస్యం, ఎదురింటి కుక్క. అంతే.

మరిది పొద్దున్నే వచ్చాడు. ప్యాంటు మడిచి, చెప్పులు గట్టు మీద వదిలి, నేరుగా కింది మూలకు దిగాడు. అతనికీ తెలుసు ఎక్కడ చూడాలో. ఒక వెన్ను తెంపి, గింజను గోళ్ల మధ్య నొక్కాడు. ఏమీ రాలేదు. ఇంకొకటి. ఖాళీ పొట్టు.

"గా మూల తాలే," అంది అక్క, ఒడ్డు మీద నుంచి. గొంతు మామూలుగానే ఉంది. "నేను కాదంటలే. నడిమిట్ల సూడు."

అతను మధ్యకు వెళ్లాడు. మోకాళ్ల దాకా వరి. ఒక వెన్ను పట్టుకుని, తెంపకుండానే, గింజ నొక్కాడు. తెల్లటి చుక్క వేలి మీదికి వచ్చింది. ఇంకొక గింజ. మళ్లీ చుక్క. ఇంకో వెన్ను దగ్గరికి వెళ్లాడు, ఇంకో దగ్గరికి. వెతుకుతున్నాడు. అతను వెతుకుతున్న కొద్దీ నేను గట్టు మీద అటూ ఇటూ నడుస్తున్నాను. అక్క మాత్రం కదల్లేదు. ఒక గింజను నోట్లో వేసుకుని నమిలాడు.

"తియ్యగనే ఉన్నది," అన్నాడు, తనలో తాను చెప్పుకున్నట్టు.

"మాట ఏమన్నవ్?" అంది అక్క.

"గింజల పాలు పొయ్యాలె అన్న."

"పోసిందా?"

అతను కింది మూల వైపు చూశాడు. తర్వాత రోడ్డు వైపు చూశాడు. అక్కడ ప్లాట్ల మనిషి అప్పటికే సున్నంతో గీసిన గీతలు కనిపిస్తున్నాయి. వేలికున్న పాలు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"వచ్చే యేడు గా మూల గూడ సూసుకో వదినె. జిప్సం తక్కువైనట్టుంది," అన్నాడు. గట్టెక్కి, చెప్పులు వేసుకోకుండా చేతిలో పట్టుకుని వెళ్లిపోయాడు.

నేను అక్క వైపు చూశాను. ఏడుస్తుందనుకున్నాను, నవ్వుతుందనుకున్నాను. ఆమె అప్పటికే పార భుజాన వేసుకుని కింది మూలకు దిగుతోంది.

"ఏం నిలవడ్డవ్ తమ్మీ? గింజ గట్టిపడే యాళ్లకు నీళ్లు తియ్యాలె. గండి పూడింది. రా."

చెప్పులు విడిచి దిగాను. మట్టి జారలేదు.